కావలసిన లీటర్లకు ట్యాంకు కొలతలు తేల్చుకోవడం ఎలా

నేను మొదటిసారి కట్టించిన నీళ్ల తొట్టి కాగితం మీద 2000 లీటర్లది. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, ఎత్తు 1 మీటరు. మూడూ గుణిస్తే 2 ఘనపు మీటర్లు, అంటే 2000 లీటర్లు. తీరా కట్టాక నింపి చూస్తే కుళాయిలోంచి దిగిన నీళ్లు 1080 లీటర్లు. దాదాపు సగం గల్లంతు.

మేస్త్రిని అనడానికేం లేదు. నేను చెప్పిన కొలతలకే కట్టాడు. అవి లోపలి కొలతలని నేను చెప్పలేదు, బయటివనుకుని అతను మొదలుపెట్టాడు. గోడలు 10 సెంటీమీటర్ల మందం, అడుగు పలక మరో 10. లోపల మిగిలింది 1.8 × 0.8 × 0.9 మీటర్లు, అంటే 1296 లీటర్లు. దాంట్లో మళ్లీ పై అంచుకు 10 సెంటీమీటర్లు కిందగా ఓవర్‌ఫ్లో పైపు, అడుగు నుంచి 5 సెంటీమీటర్లు పైన కుళాయి. నిజంగా వాడుకునే లోతు 75 సెంటీమీటర్లే. 1.8 × 0.8 × 0.75 = 1.08. లెక్క సరిపోయింది, నీళ్లే సరిపోలేదు.

అందుకే ఇక్కడ సూత్రాల కంటే వాటి చుట్టూ ఉండే విషయాల మీదే ఎక్కువసేపు ఆగుతాను. నీళ్లకైనా, నూనెకైనా, డీజిల్‌కైనా పద్ధతి ఒకటే.

ముందు ఏ లీటర్లో తేల్చుకోండి

ట్యాంకుకు మూడు రకాల లీటర్లు ఉంటాయి. అంచు దాకా పోస్తే పట్టేవి ఒకటి. ఓవర్‌ఫ్లో పైపు దాకానో ఫ్లోట్ వాల్వు మూసుకునే దాకానో పట్టేవి రెండోది. అందులోంచి కుళాయి కిందనే ఉండిపోయేవి తీసేస్తే మన చేతికొచ్చేవి మూడోది. మీకు కావలసింది మూడో రకం. లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎన్ని కావాలో తెలియకపోతే రోజువారీ వాడకాన్ని, ఒకసారి నింపితే ఎన్ని రోజులు రావాలో ఆ రోజులతో గుణించండి. రోజుకు 750 లీటర్లు, నాలుగు రోజులు రావాలంటే 3000. ఈ 3000 లీటర్లనే ఉదాహరణగా పట్టుకుని వెళ్దాం.

పైన ఖాళీ ఎంత వదలాలి? మామూలు నీళ్ల తొట్టికి 15 సెంటీమీటర్లు వదిలితే పైపుకు, ఫ్లోట్‌కు, అలలకు చోటుంటుంది. పెద్ద ట్యాంకులకు 30 దాకా వదులుతారు. అడుగున 5 నుంచి 10 సెంటీమీటర్లు బురద, మడ్డి చేరడానికి పోతుంది. కుళాయి పైపును పూర్తిగా అడుగుకు ఆనించి పెడితే ఆ నీళ్లూ మిగులుతాయి కదా అంటారు కొందరు. మిగులుతాయి, మడ్డితో సహా గ్లాసులోకి వస్తాయి.

ఈ రెండు ఖాళీలను శాతాల్లో కలపకండి, లోతుగా కలపండి. "ఓ 20 శాతం ఎక్కువ వేసుకుందాం" అనే పద్ధతి సులువే. కానీ తొట్టి వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటే ఆ 20 శాతం ఏ మూలకూ చాలదు. 50 సెంటీమీటర్ల లోతు తొట్టిలో పైన 15, కింద 10 పోతే సగం పోయినట్టే. అదే 2 మీటర్ల లోతు ట్యాంకులో 25 సెంటీమీటర్లంటే ఎనిమిదో వంతు.

లీటర్లను ఘనపు కొలతలోకి మార్చండి

1000 లీటర్లు ఒక ఘనపు మీటరు. ఒక లీటరు 1000 ఘనపు సెంటీమీటర్లు. ఈ రెండూ గుర్తుంటే చాలు. లీటర్లను 1000తో భాగించి, ఆ తర్వాత పనంతా మీటర్లలోనే చేయండి. మధ్యలో ఒక్క కొలత సెంటీమీటర్లలో దూరినా జవాబు వంద రెట్లు తప్పుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కంటికి కనబడుతుంది కాబట్టి దానితో ప్రమాదం తక్కువ. చిన్న తప్పులే ఎవరికంటా పడకుండా జారిపోతాయి.

అడుగుల్లో కొలిచేవాళ్ల దగ్గర ఆ చిన్న తప్పులు ఎక్కువ. ఒక ఘనపు అడుగుకు 28.32 లీటర్లు. 1000 లీటర్లకు 35.3 ఘనపు అడుగులు. ఇక్కడ మోసపోయేది 4 అడుగుల 6 అంగుళాలను 4.6 అని కాలిక్యులేటర్‌లో కొట్టినప్పుడు. అడుగుకు 12 అంగుళాలు, కాబట్టి అది 4.5. అలాగే 5 అడుగుల 3 అంగుళాలు 5.25. అంగుళాలను 12తో భాగించి కలపాలి. కొలతలన్నీ అంగుళాల్లోనే ఉంటే మూడూ గుణించి 61తో భాగించండి, లీటర్లు వచ్చేస్తాయి.

గాలన్లలో సంఖ్య ఇచ్చారా? ఏ గాలనో అడగండి. అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546. 500 గాలన్ల ట్యాంకు అంటే ఒక లెక్కన 1893 లీటర్లు, ఇంకో లెక్కన 2273. తేడా 380 లీటర్లు.

లీటరు కూడా ఎప్పుడూ ఇదే కాదు లెండి. 1901 నుంచి 1964 దాకా లీటరంటే ఒక కిలో నీళ్లు ఆక్రమించే చోటు అని నిర్వచనం ఉండేది. కచ్చితంగా కొలిస్తే అది 1000 ఘనపు సెంటీమీటర్ల కంటే పిసరంత ఎక్కువ తేలింది. 1000 లీటర్లకు 28 మిల్లీలీటర్ల తేడా. ఒక్క గుక్క! ఆ గుక్క కోసమే 1964లో నిర్వచనం మార్చేశారు. మన తొట్టికి మాత్రం అంత పట్టింపు అక్కర్లేదు.

పెట్టె ఆకారపు ట్యాంకు: రెండు కొలతలు స్థలం చెబుతుంది, మూడోది లెక్క చెబుతుంది

3000 లీటర్లకు కొలతలు ఎంత అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. పొడవు, వెడల్పు, లోతు అని తెలియనివి మూడు, తెలిసిన సంఖ్య ఒకటి. మిగతా రెండింటిని గణితం ఇవ్వదు, మీ స్థలం ఇస్తుంది. అందుకే టేపు పట్టుకుని ముందు చోటు కొలవండి. కాలిక్యులేటర్ తర్వాత.

మన ఉదాహరణలో గోడల మందం తీసేస్తే లోపలి పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.25 మీటర్లు దొరికిందనుకుందాం. అడుగు వైశాల్యం 2 × 1.25 = 2.5 చదరపు మీటర్లు. కావలసింది 3 ఘనపు మీటర్లు. 3 ÷ 2.5 = 1.2. వాడుకునే లోతు 1.2 మీటర్లు. దానికి కింద 10, పైన 15 సెంటీమీటర్లు కలపండి. లోపలి ఎత్తు 1.45 మీటర్లు.

ఇప్పుడు బయటి కొలతలు. గోడ, లోపలి ప్లాస్టరింగ్ కలిపి ఒక్కో పక్క 12 సెంటీమీటర్లనుకుంటే పొడవుకు రెండు పక్కలా 24, వెడల్పుకు రెండు పక్కలా 24 కలపాలి. బయటికి 2.24 × 1.49 మీటర్లు. ఎత్తుకు అడుగు పలక మందం, పైకప్పు ఉంటే దాని మందం. రెండు పక్కలా అన్నది మర్చిపోయి ఒక్కసారే కలిపేవాళ్లను చూశాను. ప్లాస్టరింగ్‌ను లెక్కలోకే తీసుకోనివాళ్లయితే ఇంకా ఎక్కువ. పక్కకు 2 సెంటీమీటర్ల పూత అంటే ఈ తొట్టిలో 150 లీటర్ల పైచిలుకు పోతాయి.

పనివాళ్లకు ఇచ్చే కాగితం మీద ప్రతి కొలత పక్కనా "లోపల" లేదా "బయట" అని రాయండి. నా తొట్టిలో పోయిన 704 లీటర్లకు ఆ ఒక్క మాట సరిపోయేది.

ఇంకో చిట్కా. చదరపు మీటరు అడుగు మీద ఒక సెంటీమీటరు లోతు నీళ్లంటే 10 లీటర్లు. కాబట్టి అడుగు వైశాల్యాన్ని 10తో గుణిస్తే ఒక్కో సెంటీమీటరుకు ఎన్ని లీటర్లో వస్తుంది. 2.5 చదరపు మీటర్ల తొట్టిలో సెంటీమీటరుకు 25 లీటర్లు. ఓవర్‌ఫ్లో పైపు 4 సెంటీమీటర్లు కిందికి పెడితే ఏం నష్టమని ఎవరైనా అడిగితే, వంద లీటర్లని నోటితోనే చెప్పేయొచ్చు.

లోతుకే హద్దు ఉన్న చోట ఇదే లెక్కను తిరగేయండి. కింద రాయి తగిలి 90 సెంటీమీటర్ల కంటే తవ్వలేమంటే, కింద పైన ఖాళీలు 25 తీసేయగా వాడుకునే లోతు 65. 3 ÷ 0.65 = 4.62 చదరపు మీటర్ల అడుగు కావాలి. వెడల్పు 1.5 మీటర్లయితే పొడవు 3.08. కాస్త పైకి సర్ది 3.1 చేయండి. సర్దడం ఎప్పుడూ పైకే.

చోటుకు అడ్డేమీ లేకపోతే

అప్పుడు ఆకారపు నిష్పత్తి మీరే ఎంచుకోవాలి. ఉదాహరణకు 5000 లీటర్లు, పొడవు వెడల్పుకు రెట్టింపు, లోతు వెడల్పుతో సమానం అనుకోండి. వెడల్పును మూడుసార్లు గుణించి, రెండుతో గుణిస్తే 5 రావాలి. అంటే వెడల్పు ఘనం 2.5. దాని ఘనమూలం కావాలి. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా కాలిక్యులేటర్లలో ఆ గుర్తు కనబడుతుంది. లేకపోతే ఊహించి సరిచూసుకుంటూ పోవడమే. 1.3ని మూడుసార్లు గుణిస్తే 2.197, చాలదు. 1.4కి 2.744, ఎక్కువ. 1.35కి 2.46, 1.36కి 2.515. కాబట్టి వెడల్పు 1.36, పొడవు 2.72, లోతు 1.36. మళ్లీ గుణించి చూడండి, 5.03 వస్తుంది. 30 లీటర్లు ఎక్కువే, పరవాలేదు. ఖాళీల లోతు దీనికి పైన కలపాలని మర్చిపోకండి.

తక్కువ గోడతో ఎక్కువ నీళ్లు పట్టే ఆకారం ఏది? మూత కూడా కట్టే పెట్టెకైతే మూడు కొలతలూ సమానమైన ఘనం. మూత లేని తొట్టికి మాత్రం అడుగు చతురస్రంగా ఉండి, లోతు అందులో సగం ఉంటే మేలు. 1000 లీటర్లకు మీటరు ఘనమైతే అడుగు, నాలుగు గోడలు కలిపి 5 చదరపు మీటర్లు. 1.26 × 1.26 అడుగు, 0.63 లోతు పెడితే 4.76. ఆదా 5 శాతం లోపు. దీనికోసం తల బద్దలు కొట్టుకోవద్దని నా సలహా. అయితే మరీ వికారమైన ఆకారానికి పోతే ఖర్చు ఎగురుతుంది. అదే 1000 లీటర్లకు అర మీటరు చదరంలో 4 మీటర్ల ఎత్తు గొట్టంలా కడితే 8.25 చదరపు మీటర్లు అవుతుంది.

ఉన్న ట్యాంకుకు రెట్టింపు కావాలని అన్ని కొలతలూ రెట్టింపు చేసేవాళ్లున్నారు. అలా చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. అన్ని కొలతలనూ 1.26తో గుణిస్తే చాలు, రెట్టింపు వచ్చేస్తుంది.

గుండ్రటి ట్యాంకు

నిలబెట్టిన గుండ్రటి ట్యాంకుకు ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకోండి: 0.7854. వృత్తం లెక్కలో వచ్చే 3.1416లో నాలుగో వంతు ఇది. వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, దాన్ని 0.7854తో గుణిస్తే అడుగు వైశాల్యం. కావలసిన ఘనపు మీటర్లను దానితో భాగిస్తే ఎత్తు. వ్యాసార్థం జోలికి పోకుండా ఇలా చేయడం నాకిష్టం, ఎందుకంటే టేపుతో కొలిచేది వ్యాసాన్నే. సగం చేయడం మర్చిపోయి నాలుగు రెట్ల జవాబు తెచ్చుకునే గండం తప్పుతుంది. ఆ 3.1416 మనకు కొత్తదేం కాదు. 20000 వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత 62832 అని 5వ శతాబ్దం చివర ఆర్యభటుడు చెప్పిన లెక్క సరిగ్గా ఇదే.

1000 లీటర్లకు వ్యాసం 1 మీటరైతే ఎత్తు 1.273 మీటర్లు. వ్యాసం 1.1 అయితే 1.05. వ్యాసం 1.2 అయితే 0.884. వ్యాసం 20 సెంటీమీటర్లు పెరిగేసరికి ఎత్తు 39 సెంటీమీటర్లు తగ్గింది చూడండి. వ్యాసం రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది కాబట్టి అక్కడ 2 శాతం తప్పు కొలిస్తే లీటర్లలో 4 శాతం తప్పుతుంది. ఎత్తు కొలిచేటప్పుడు కాస్త అటూ ఇటూ అయినా, వ్యాసం దగ్గర మాత్రం జాగ్రత్త.

గుండ్రటిదాని సరైన మధ్య గీతను టేపుతో పట్టుకోవడం కష్టం. టేపును చుట్టూ తిప్పి చుట్టుకొలత తీసి, 3.1416తో భాగించండి. వచ్చేది బయటి వ్యాసం. రెండు గోడల మందం తీసేస్తే లోపలిది. రేకు ట్యాంకులో ఆ మందం లెక్కలోకి రాదు. సిమెంటు రింగులకు బాగానే వస్తుంది.

వ్యాసం, ఎత్తు సమానంగా కావాలంటే ఘనపు మీటర్లను 0.7854తో భాగించి ఘనమూలం తీయండి. 1000 లీటర్లకు 1.084 మీటర్లు. మూత ఉన్న గుండ్రటి ట్యాంకుకు తక్కువ రేకు పట్టేది ఈ ఆకారమే. మూత లేకపోతే ఎత్తు వ్యాసంలో సగం.

రేకుతో చేయించేవాళ్లకు ఒక తమాషా. 2.44 మీటర్ల పొడవు, 1.22 మీటర్ల వెడల్పు ఉన్న ఒక షీటును గుండ్రంగా చుట్టాలి. పొడవు వైపును చుట్టుకొలతగా చేస్తే, ఎత్తు 1.22 మీటర్లతో 578 లీటర్లు పడుతుంది. వెడల్పు వైపును చుట్టుకొలతగా చేసి 2.44 మీటర్ల ఎత్తు నిలబెడితే 289 లీటర్లే. అదే రేకు, అంతే వైశాల్యం, పట్టేది సరిగ్గా సగం. చూడటానికి మాత్రం పొడుగాటిదే పెద్దదిగా కనబడుతుంది! అతుకు కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కించే రెండు మూడు సెంటీమీటర్లను చుట్టుకొలతలోంచి తీసేయాలి.

పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకు

ఇంధనం ట్యాంకులు, ట్యాంకర్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. మొత్తం ఎన్ని పడతాయన్నది పాత లెక్కే, ఎత్తు బదులు పొడవు. చిక్కంతా సగం నిండినప్పుడు, పావు నిండినప్పుడు. అడుగున ఇరుకు, నడుమ వెడల్పు, పైన మళ్లీ ఇరుకు. కాబట్టి లోతులో పావు వంతు ఉందంటే నూనె పావు వంతు ఉన్నట్టు కాదు, 19.6 శాతమే ఉన్నట్టు. లోతు 10 శాతమైతే 5.2 శాతం, 20 అయితే 14.2, 30 అయితే 25.2, 40 అయితే 37.4, 50 దగ్గర సరిగ్గా సగం. సగం దాటాక ఇదే వరసను తలకిందులు చేసుకోండి. 70 శాతం లోతంటే పైన 30 శాతం ఖాళీ, అంటే 25.2 శాతం వెలితి, ఉన్నది 74.8. ట్యాంకు ఏ సైజుదైనా ఈ శాతాలు మారవు, రెండు చివర్లు బల్లపరుపుగా ఉంటే చాలు.

దీనివల్ల కొలతలు తేల్చేటప్పుడు ఒక లాభం. పైన 10 శాతం, కింద 10 శాతం లోతు వదిలేస్తే పెట్టె ఆకారంలో 20 శాతం పోయేది. ఇందులో రెండూ కలిపి 10.4 శాతమే పోతుంది. చేతికి 1000 లీటర్లు రావాలంటే 1000 ÷ 0.896 = 1116 లీటర్ల ట్యాంకు చాలు. వ్యాసం 1 మీటరైతే పొడవు 1.116 ÷ 0.7854 = 1.42 మీటర్లు.

చివర్లు ఉబ్బుగా ఉంటే కాస్త ఎక్కువ పడుతుంది. అర్ధగోళాలైతే రెండూ కలిసి ఒక గోళం. వ్యాసాన్ని మూడుసార్లు గుణించి 0.5236తో గుణించి, వచ్చిన ఘనపు మీటర్లను కావలసినదాంట్లోంచి ముందే తీసేసి, మిగిలినదానికి పొడవు కట్టండి.

ఈ గుండ్రటి పీపాల లెక్క పెద్దపెద్దవాళ్లనే ఆలోచనలో పడేసింది. గ్రహాల దారులు లెక్కగట్టిన కెప్లర్ 1613లో తన రెండో పెళ్లికి ద్రాక్షసారా పీపాలు తెప్పించాడు. అమ్మినతను మూతి కన్నంలోంచి ఏటవాలుగా కర్ర దూర్చి, అవతలి మూల దాకా ఎంత పొడవొచ్చిందో చూసి ధర కట్టాడు. పీపా పొట్టిదా పొడుగుదా అన్నది చూడనేలేదు. అది సరైన పద్ధతేనా అని మొదలైన ఆలోచన 1615లో ఏకంగా ఒక పుస్తకమై అచ్చయింది.

శంకువు అడుగు, బకెట్ ఆకారం, అడ్డొచ్చేవి

అడుగు శంకువులా ఉంటే శంకువులో పట్టేది అదే వ్యాసం, అదే ఎత్తు ఉన్న స్తూపంలో మూడో వంతు. వ్యాసం 1 మీటరు, శంకువు లోతు అర మీటరు అనుకోండి. 0.7854 × 0.5 ÷ 3 = 0.131, అంటే 131 లీటర్లు. 1000 కావాలంటే మిగిలిన 869 లీటర్లకు పైన స్తూపం ఎత్తు 1.106 మీటర్లు.

బకెట్‌లా పైన వెడల్పు, కింద సన్నం ఉంటే సగటు వ్యాసంతో స్తూపం లెక్కే వేయండి. పైన 1.2, కింద 1 మీటరు, ఎత్తు 1 మీటరు అయితే సగటు 1.1తో 950 లీటర్లు వస్తుంది. కచ్చితమైన సూత్రంతో 953. ఆ మూడు లీటర్ల కోసం పెద్ద సూత్రం ఎందుకు? పైకీ కిందికీ తేడా మరీ ఎక్కువైతే మాత్రం ఈ అడ్డదారి పనికిరాదు.

అడుగు ఒక పక్కకు వాలుగా ఉంటే రెండు చివర్ల లోతుల సగటు తీసుకోండి. లోపల పిల్లరు, అడ్డగోడ, మెట్టు లాంటివి ఉంటే అవి నీళ్లలో మునిగినంత మేరా తీసేయాలి. 30 సెంటీమీటర్ల చదరపు పిల్లరు 1.2 మీటర్లు మునిగితే 108 లీటర్లు పోయినట్టే. చేపల తొట్టిలో పోసే ఇసుక, రాళ్లు కూడా ఈ ఖాతాలోకే వస్తాయి.

బరువు, ఒత్తిడి

కొలతలు తేలాక ఆ ట్యాంకును ఎక్కడ పెడతారో చూడాలి. ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను. బరువు లెక్క మాత్రం వాడుకునే లీటర్లకు కట్టకండి, అంచు దాకా కట్టండి. ఫ్లోట్ వాల్వు ఏదో రోజు మొరాయిస్తుంది. మన 3000 లీటర్ల తొట్టి అంచు దాకా 2 × 1.25 × 1.45 = 3.625 ఘనపు మీటర్లు, అంటే 3.6 టన్నులు, తొట్టి సొంత బరువు వేరే. మేడ మీదో, స్టాండు మీదో పెట్టేదైతే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరే అనేదాకా ఆగాల్సిందే. లోతు మీటరుంటే చదరపు మీటరుకు టన్ను చొప్పున కింద పడుతుంది. లోతు తగ్గించి వెడల్పు పెంచితే మొత్తం బరువు మారదు కానీ ఎక్కువ చోటు మీద సర్దుకుంటుంది.

గోడల మీద ఒత్తిడి ఎన్ని లీటర్లున్నాయో చూడదు, ఎంత లోతుందో చూస్తుంది. మీటరు లోతున్న తొట్టిలో గోడ ప్రతి మీటరు పొడవునా మొత్తం 500 కిలోల తోపు పడుతుంది. లోతు 2 మీటర్లయితే 2000 కిలోలు. లోతు రెట్టింపు, తోపు నాలుగింతలు. స్థలం కలిసొస్తుంది కదా అని లోతు పెంచుకుంటూ పోయేముందు ఈ సంఖ్య చూసుకోండి. గోడ మందం పెరిగితే లోపలి కొలతలు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

నీళ్లు కానివాటికి లీటర్ల లెక్క అదే, బరువు మాత్రం వేరు. లీటరు డీజిల్ సుమారు 0.84 కిలోలు, పెట్రోలు 0.74 దరిదాపు, తేనె 1.4. వేడికి ఉబ్బడం ఇంధనాల్లో ఎక్కువ. పెట్రోలు డిగ్రీకి వెయ్యిలో ఒక వంతు దాకా పెరుగుతుంది. తెల్లవారుజామున 1000 లీటర్లు నింపితే, అది 15 డిగ్రీలు వేడెక్కేసరికి 15 లీటర్ల చోటు అదనంగా కావాలి. ఇంధనాల ట్యాంకులకు పైన ఖాళీ మీ ఇష్టానికి వదిలేది కాదు, గాలి గొట్టాలు, దూరాలు సహా నిబంధనలు ఉంటాయి. వాటిని చూసుకున్నాకే కొలతలు ఖాయం చేయండి. నీళ్లు వేడికి ఉబ్బేది తక్కువే కానీ గడ్డకడితే 9 శాతం పెరుగుతాయి. అంత చలి ఉండే చోట నిండుగా వదిలేసిన తొట్టి పగులుతుంది.

కట్టేటప్పుడు, కట్టాక

పునాది గీతలు గీశాక ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా కొలవండి. 2 × 1.25 మీటర్ల లోపలి కొలతకు అది 2.36 మీటర్లు రావాలి, రెండూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే తొట్టి పక్కకు ఒరిగినట్టే. నాలుగు పక్కల కొలతలూ సరిగ్గా ఉన్నా లీటర్లు తగ్గుతాయి.

గోడలు లేచాక, ప్లాస్టరింగ్ తర్వాత లోపలి కొలతలు మళ్లీ తీసుకోండి. ఒక్కో కొలతను రెండు మూడు చోట్ల తీసి సగటు వేయండి. ఓవర్‌ఫ్లో పైపుకు, కుళాయికి కన్నాలు పెట్టేది ఇప్పుడే. ఎత్తులు అడుగు నుంచి కొలవాలి, పై అంచు నుంచి కిందికి కాదు. అంచు ఎప్పుడూ అనుకున్నంత సమంగా రాదు. పైపుకు ఎత్తు చెప్పేటప్పుడు అది పైపు కింది అంచుకా, నడిమికా అన్నదీ రాయండి. 5 సెంటీమీటర్ల పైపుకు ఆ తేడా రెండున్నర సెంటీమీటర్లు, మన తొట్టిలో 62 లీటర్లు.

నింపేటప్పుడు మీటరున్న పైపుతోనో, కొలత తెలిసిన డ్రమ్ముతోనో నింపి లెక్కతో పోల్చండి. ఒకటి రెండు శాతం తేడా మామూలే. ఐదు దాటితే ఏదో కొలత తప్పింది.

చివరగా ఒక కర్ర మీదో, లోపలి గోడ మీదో గుర్తులు పెట్టుకోండి. మన తొట్టికి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర సున్నా. అక్కడి నుంచి ప్రతి 20 సెంటీమీటర్లకు 500 లీటర్లు. ఆరో గీత దగ్గర 3000, దానికి ఆనుకునే ఓవర్‌ఫ్లో పైపు కింది అంచు.